ఆగయ్యను కరిగించిన గిజిగాడు

అనగనగా ఒక అడవి. అందులో సింహాలూ నక్కలూ ఉన్నాయో లేవో నాకు తెలీదు, ఉన్నా మన కథలోకి రావు. మన కథంతా అడవి చివర చిత్తడి నేలలోనే. అక్కడ నీటి మీదికి వంగిన ఈతచెట్టు ఒకటి ఉండేది. దాని పక్కనే వరాలు అనే అడవి వరి మొక్క ఉండేది. చెట్టు మీద బింగడనే కుర్ర గిజిగాడు ఉండేవాడు.

గిజిగాళ్ళ ఇళ్ళలో పెళ్ళి ఎలా కుదురుతుందో తెలుసా? ముందు మగపిట్ట గూడు అల్లాలి. సగం అయ్యాక ఆడపిట్ట చూడడానికి వస్తుంది. లోపల కూర్చుంటుంది. ముక్కుతో పీకుతుంది. పట్టుకుని ఊగుతుంది. నచ్చితే కాపురం. నచ్చకపోతే తుర్రుమని పక్క కొమ్మకి. ఇక కాళ్ళావేళ్ళా పడ్డా తిరిగి చూడదు.

మనవాడి మనసంతా చుక్కమ్మ అనే ఆడపిట్ట మీదే. తొలకరి పడిపోయింది. ఈ వానలు వెళ్ళేలోగా చుక్కమ్మ తన గూట్లో కాలు పెట్టకపోతే మళ్ళీ ఏడాది దాకా ఒంటి బతుకే. పక్క కొమ్మ మీద సోమన్న అనే ఇంకో గిజిగాడు అప్పుడే పని మొదలుపెట్టాడు. ఆయన ఒక పోగు అల్లి, దాన్ని చూసి మురిసి, ఇంకో పోగు అల్లే రకం. బింగడికేమో గూడు సాయంత్రానికల్లా కావాలి.

గూటికి నారలు కావాలి కదా. వరి ఆకు అడుగున ముక్కుతో గాటు పెట్టి, ఆ కొస పట్టుకుని పైకెగిరితే నార సర్రున చీలి వస్తుంది. ఆకు పొడుగైతే నార పొడుగు, అల్లిక తక్కువ. వరాలేమో పొట్టిది. ఆకులు జానెడు. ఇలా అయితే నాకు పెళ్ళయినట్టేలే అని బింగడు గొణుక్కున్నాడు. వెళ్ళి, వరాలత్తా, కాస్త పొడుగెదగొచ్చు కదా అని గారంగా అడిగాడు.

వరాలు నవ్వింది. "నన్నడిగితే ఏం లాభంరా అల్లుడూ? లోపల ఆగయ్యనడుగు."

ఆగయ్య వరాలు కాండంలో కాపలాదారు. ఇసుక రేణువంత కూడా ఉండడు గానీ పట్టుదల మాత్రం కొండంత. ఎదుగుదల కుండ మూత మీద కూర్చోవడమే ఆయన ఉద్యోగం. ఎండా నీరూ కుదిరినప్పుడు వరాలు తన ఒంట్లోనే ఒక పసరు చుక్క కాచి పంపిస్తుంది. ఆ చుక్క తగిలిందంటే ఆగయ్య ఉప్పురాయిలా కరిగిపోతాడు. మూత తెరుచుకుంటుంది, కాండమూ ఆకులూ కాస్త సాగుతాయి. చుక్క అయిపోగానే మరో ఆగయ్య పుట్టి మళ్ళీ మూత మీద కూర్చుంటాడు. ఆయన కూర్చున్నంతసేపూ కాండం గట్టిపడుతుంది, వేళ్ళు లోతుకి దిగుతాయి. ఆగి ఆగి ఎదగడం వాళ్ళ వంశాచారం.

బింగడు కాండానికి చెవి ఆనించి ముందు పొగిడాడు. నీ అంత పెద్దమనిషి ఈ చిత్తడిలోనే లేడన్నాడు. తర్వాత బతిమాలాడు. ఆఖరికి, వరాలత్తే నిన్ను లెమ్మంది అని అబద్ధం కూడా ఆడేశాడు. మూడింటికీ ఆగయ్య ఒకటే జవాబు.

"చుక్క ఏదీ?"

ఓహో, చుక్క చూపిస్తే చాలన్నమాట అనుకున్నాడు బింగడు. వెంటనే బూజు మామ దగ్గరికి పోయాడు. ఈయన కుళ్ళిన గడ్డిలో తెల్లగడ్డం పరుచుకుని పడుకునే ఘనుడు. వరాలు కాచే చుక్క లాంటిదే అచ్చుగుద్దినట్టు కాచగలడు. ఆగయ్యే కాదు, ఆగయ్య తాత వచ్చినా తేడా కనిపెట్టలేడు. ఎన్ని చుక్కలైనా ఇస్తాను, నన్ను వరాలు మొదట్లో దింపు చాలు అన్నాడు మామ. దానివల్ల నీకేంటి లాభం అని బింగడు అడగనే లేదు. పెళ్ళి హడావిడిలో ఉన్నవాడికి అలాంటివి తోస్తాయా? చిటికెడు బూజు ముక్కున కరుచుకెళ్ళి వరాలు పాదాల దగ్గర వదిలాడు.

చుక్క పైకెక్కింది. చుక్క వచ్చిందిగా, సరే మరి అంటూ ఆగయ్య మర్యాదగా కరిగిపోయాడు. కొత్త ఆగయ్య పుట్టాడు. ఆయన మూత మీద కూర్చోబోతుండగానే ఇంకో చుక్క. ఆయనా పోయాడు. పుట్టినవాడు పుట్టినట్టే కరిగిపోతున్నాడు.

ఇక చూడండి వరాలు ఎదుగుడు! రోజుకింత రోజుకింతగా సాగి పక్క మొక్కల తలలు దాటేసింది. బింగడు గంతులేశాడు. కానీ వరాలు రంగు పాలిపోయింది, నడుము పుల్లలా అయింది.

"అల్లుడూ, నా కాళ్ళు నేల మీద నిలవట్లేదురా," అంది భయంగా. "నన్ను ఆగమనేవాళ్ళు లేరు. ఆ బూజు తీసెయ్యరా."

బింగడు వంగి బూజు వైపు చూశాడు. ముక్కుతో రెండు పోట్లు పొడిస్తే బూజు ఊడి వచ్చేదే. కానీ పైన సోమన్న గూడు సగానికొచ్చింది.

"ఒక్క గూడత్తా, అయిపోగానే తీసేస్తా," అని నార చీల్చుకుని ఎగిరిపోయాడు.

ఆ సాయంత్రానికి గూడు తయారు. చుక్కమ్మ రానే వచ్చింది. లోపల కూర్చుంది, బాగానే ఉంది. ముక్కుతో పీకింది, నార మెత్తగా సాగింది. పట్టుకుని ఊగింది. అంతే, గూడు నిలువునా చీలి చుక్కమ్మతో సహా నీళ్ళలో పడింది.

తడిసిన రెక్కలు దులుపుకుంటూ ఆమె బింగడి వైపు చూసింది. "ఇందులోనా నా పిల్లల్ని పెట్టమన్నావు?"

ఇంకో మాట అనకుండా సోమన్న కొమ్మ మీదికి వెళ్ళిపోయింది.

బింగడు సిగ్గుతో చచ్చిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది వరాలత్త. పరుగున వెళ్ళాడు. ఆమె అప్పటికే నీళ్ళలో అడ్డంగా పడి ఉంది. వెన్ను వెయ్యనే లేదు, ఒక్క గింజా లేదు. మొదలంతా తెల్లగా కమ్ముకుని బూజు మామ తీరిగ్గా భోంచేస్తున్నాడు. బింగడు ఏడుస్తూ ముక్కు నొప్పెట్టేదాకా బూజును పొడిచాడు. తర్వాత కాండానికి చెవి ఆనించి, ఆగయ్యా, కూర్చోవయ్యా, నీకు దణ్ణం పెడతాను అన్నాడు.

లోపల అప్పుడే పుట్టిన చిన్న గొంతు ఒకటి "ఆ..." అంది. అంతలో మిగిలిన చుక్క ఒకటి తగిలింది. ఆ తర్వాత లోపలినుంచి ఏ గొంతూ రాలేదు.

నీతి: మనల్ని ఆగమనేవాడు మన ఎదుగుదలకి శత్రువు కాడు, వాణ్ణి దొంగదారిన తప్పిస్తే పొడుగవుతాం గానీ నిలబడలేం.