భానోజీ బండిలో హీటరు

నర్సీపట్నంలో కళ్లద్దాలు అమర్చే భానోజీ మంచి పనివాడే కానీ, ఇంట్లో ఏ వస్తువు పాడైనా దాన్ని సరిగా చూడకముందే లోపమేమిటో తేల్చేసేవాడు. ఫ్యాను తిరగకపోతే మోటారు కాలిపోయిందనేవాడు. కొత్త మోటారు బిగించాక, స్విచ్చులో తీగ ఊడిందని తెలిసేది. అప్పుడు కూడా పాత మోటారు ఎలాగూ ఎన్నాళ్లో ఉండేది కాదని సర్ది చెప్పుకునేవాడు.

అతనికి ఒక పాత బస్సు ఉండేది. వెనక భాగంలో మంచం, పొయ్యి, నీళ్ల డ్రమ్ము పెట్టి దాన్ని ఇల్లులా మార్చుకున్నాడు. భార్య సత్యవేణితో కలిసి అందులోనే ఉంటూ మన్యం ఊళ్లు తిరిగేవాడు. ముసలివాళ్ల చూపు పరీక్షించి కళ్లద్దాలు ఇచ్చేవాడు. శుక్లాలు ముదిరినవాళ్లను బండిలో ఎక్కించుకుని, కొండ దించి, నర్సీపట్నంలో జరిగే కంటి శిబిరానికి చేర్చేవాడు.

ఆ ఏడు చలికాలం మొదలవుతూనే బండిలో హీటరు మొండికేసింది. కింద ఊళ్లలో అయితే దానితో పనే లేదు. కొండ మీద అలా కాదు. బయట మంచు కమ్ముతుంది, లోపల మనుషుల ఊపిరికి ముందు అద్దం మసకబారుతుంది. డ్యాష్‌బోర్డు కింద నుంచి హీటరు వేడిగాలి ఊదితేనే అద్దం తేటపడుతుంది. ఇప్పుడది చల్లగాలి ఊదుతోంది.

గాలి ఊదే మోటారు పోయిందన్నాడు భానోజీ. గాలి బాగానే వస్తోంది కదా, వేడి కదా రానిది అంది సత్యవేణి. అతను వినిపించుకోలేదు. డ్యాష్‌బోర్డు సగం విప్పి కొత్త మోటారు బిగించాడు. చల్లగాలి ఇంకాస్త జోరుగా వచ్చింది.

అయితే ఇంజను వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ పోయిందన్నాడు. ఇంజను చల్లారేదాకా ఆగకుండా రేడియేటరు మూత తిప్పాడు. ఆవిరి తన్నుకొచ్చి మణికట్టు బొబ్బలెక్కింది. కట్టు కట్టుకుని మరీ థర్మోస్టాట్ మార్చాడు. గాలి చల్లగానే వచ్చింది. ఇక మిగిలింది డ్యాష్‌బోర్డు కింద, హీటరు కోసం వేడినీళ్లు పారే చిన్న రేడియేటరేననీ, అది పూడిపోయి ఉంటుందనీ, తీరిక దొరకగానే దాన్ని కోసి తీసేస్తాననీ చెప్పాడు.

ఆ తీరిక దొరకకముందే శిబిరం రోజు వచ్చింది. ఆపరేషన్లు చేసే డాక్టరు ఎక్కడో దూరం నుంచి వస్తాడు, మధ్యాహ్నానికి వెళ్లిపోతాడు. చింతపల్లి అవతలి ఊళ్ల నుంచి అయిదుగురు ముసలివాళ్లు బండెక్కారు. వాళ్లను ఇంకేదైనా జీపులో పంపుదామంది సత్యవేణి. దిగడమే కదా, గుడ్డతో తుడుచుకుంటూ పోతానన్నాడు భానోజీ.

లంబసింగి దాటాక ఘాట్ రోడ్డులో మంచు ముసురుకుంది. అతను ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో అద్దం తుడుస్తున్నాడు. తుడిచినంతసేపు పట్టడం లేదు, మళ్లీ మసక. కిటికీలు తీస్తే అద్దం కొంచెం నయమైంది గానీ, వెనక ఒక ముసలాయన దగ్గుతో మెలికలు తిరిగిపోయాడు. కిటికీలు మూసేశారు. తరువాతి మలుపు భానోజీకి కనిపించలేదు. బండి ఎడమ పక్క పిట్టగోడను కరకరా రాసుకుంటూ పోయి ఆగింది. ముసలివాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. గోడకు అవతల లోయ.

 భానోజీ ఎలాగో బండిని వెడల్పు చోటికి తెచ్చి ఆపాడు. మంచు విడిచేదాకా ఆగితే డాక్టరు ఉండడు. భానోజీ పానాల సంచి లాగాడు.

"ఆ చిన్న రేడియేటరే. ఇక్కడే కోసేస్తాను" అన్నాడు.

సత్యవేణి సంచి మీద చెయ్యి వేసింది. "కోశాక లోపం అది కాదని తేలితే, వీళ్లనేం చేస్తారు?"

 మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న చిలకమ్మ అనే ముసలామె అప్పుడు నోరు విప్పింది.

"నా కంటికి నువ్విలా చెయ్యలేదు కదా బాబూ. ఒక అద్దం పెట్టి, కనపడతందా అనడిగావు. అది తీసి ఇంకోటి పెట్టి మళ్లీ అడిగావు."

భానోజీ చేతిలోని పానా కింద పెట్టాడు. ఇన్నేళ్లలో తాను ఎవరికీ ఊహించి కళ్లద్దాలు ఇవ్వలేదు. ఈ బండి విషయంలో మాత్రం చేసినదంతా ఊహే. ఈసారి కళ్లతో చూసినది, చేత్తో తాకినది తప్ప మరేదీ నమ్మకూడదని గట్టిగా అనుకున్నాడు.

ఇంజను నడుస్తూనే ఉంది. వేడి చూపించే ముల్లు మధ్యలో ఉంది, అంటే ఇంజను వేడెక్కింది. గాలి వస్తోంది, అంటే మోటారు బాగుంది. ఇక ఇంజనులోని వేడినీళ్లు హీటరు దాకా వెళుతున్నాయో లేదో చూడాలి. బానెట్ ఎత్తి, ఇంజను నుంచి హీటరుకు వెళ్లే రబ్బరు గొట్టాన్ని వేలితో తాకుతూ పోయాడు. వేడి. ఇంకాస్త ముందుకు, అక్కడా వేడే. దారిలో ఒక చిన్న కుళాయి ఉంది. దానికి ఇవతల గొట్టం చుర్రుమంది. అవతల మంచులా ఉంది.

"వేణీ, హీటరు పిడి వేడి వైపు జరుపు" అన్నాడు.

ఆమె జరిపింది. కుళాయి కదల్లేదు. పిడి జరిపితే కుళాయిని లాగాల్సిన సన్నటి తీగ కొక్కెంలోంచి ఊడి, పక్కకు వేలాడుతోంది. కుళాయి మూసుకునే ఉండిపోయింది.

చేత్తో తిప్పబోతే బిగుసుకుపోయి ఉంది. విరిగితే నీళ్లన్నీ పోతాయి. అతను తొందరపడలేదు. బండి లోపలి నుంచి వంటనూనె తెప్పించి చుక్కలుగా వేశాడు. కట్టు కట్టిన చేత్తోనే అటూ ఇటూ కొంచెం కొంచెంగా కదిపాడు. నొప్పికి పళ్లు బిగించాడే గానీ వదల్లేదు. చివరికి కుళాయి తిరిగింది. తీగను కొక్కెంలో పెట్టి, కళ్లజోళ్లు బిగించే పట్టుకారుతో గట్టిగా నొక్కాడు. కాసేపటికి లోపలి నుంచి సత్యవేణి, గాలి వెచ్చబడిందని చెప్పింది. అద్దం అడుగు నుంచి పైకి తేటపడుతూ వచ్చింది. ముసలివాళ్లు ముందుకు జరిగి వేడికి చేతులు చాపారు.

భానోజీ నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా కొండ దించాడు. శిబిరానికి చేరేసరికి బాగా పొద్దెక్కింది. డాక్టరు వాళ్లలో నలుగురికి ఆపరేషన్ చేశాడు. వరుసలో ఆఖరున ఉన్న చిలకమ్మ దగ్గరికి వచ్చేసరికి అతను వెళ్లాల్సిన వేళైంది. భానోజీ ఎంత బతిమాలినా, వచ్చే నెల తీసుకురమ్మనే చెప్పాడు.

భానోజీ ఆమె పక్కన కూర్చుని, ఆలస్యం మంచు వల్ల కాదనీ, ముందే చూసుకోని తన వల్లేననీ ఒప్పుకున్నాడు. చిలకమ్మ కోప్పడలేదు.

"ఈ యేడు కాఫీ పళ్లు ఏరడానికి నన్ను పిలవరు బాబూ. పచ్చిదేదో, పండిందేదో నాకు తెలీదు కదా" అంది.

ఆ మాట భానోజీకి తిట్టుకన్నా గట్టిగా తగిలింది. మరుసటి నెల శిబిరానికి ముందురోజే అతను బండిలో ప్రతి గొట్టం తాకి, ప్రతి తీగ లాగి చూసుకున్నాడు. చిలకమ్మను అందరికంటే ముందు వరుసలో నిలబెట్టాడు. ఆమెకు చూపు వచ్చింది. కానీ అప్పటికి తోటల్లో కాఫీ పళ్లు అయిపోయాయి.

లోపం ఎక్కడుందో చూడకుండా మరమ్మతుకు దిగేవాడు తన శ్రమనే కాదు, తనను నమ్ముకున్నవాళ్ల కాలాన్ని కూడా పోగొడతాడు. అందుకే ఏ పనిలోనైనా ముందు ఓపికగా చూడాలి, ఆ తరువాతే చెయ్యి వేయాలి.