నీళ్లు తాగని బ్యాటరీ

పూలకొండ రాజావారికి రాజ్యం పోయి చాలాకాలమైంది. బిరుదు మిగిలింది, మీసం మిగిలింది, ఒక మోటారు సైకిలు మిగిలింది. ఏనుగున్న రోజుల్లో మావటివాడు ఉండేవాడు కదా, మోటారు సైకిలుకి మాత్రం మనిషి అక్కర్లేదా అన్నారు రాజావారు. దాని బ్యాటరీలో నీళ్లు పోసే ఉద్యోగం పైడయ్యకిచ్చారు.

ప్రతి శుక్రవారం సభలో అదొక వేడుక. పైడయ్య బండి సీటు తీసి, బ్యాటరీ మీది ఆరు బిరడాలూ విప్పి, డిస్టిల్డ్ వాటరు గిన్నె పట్టుకుని నిలబడేవాడు. రాజావారు కూర్చున్నచోటు నుంచే కుడిచెయ్యి చాచేవారు. ఆ చేతిలో వెండి ఉద్ధరిణె పెట్టాలి. తొలిచుక్క ప్రభువు చేత్తో పడాలి, మిగతా నీళ్లు పైడయ్య పోయాలి.

ఆ మిగతా నీళ్ల దగ్గరే వచ్చింది చిక్కు. ప్రభువు తొలిచుక్క వేసి లోపలికి వెళ్లగానే పైడయ్య బిరడాలు బిగించేసి ఇంటికి పోయేవాడు. రేపు పోద్దాంలే అనుకునేవాడు. అలా అనుకుంటూ ఏడాది గడిపాడు.

ఒక మంగళవారం రాజావారు ఊరేగింపుకు ముస్తాబై సెల్ఫు నొక్కితే బండి ఉలకలేదు, పలకలేదు. కిక్ కొట్టడం ఆ వంశంలోనే లేదు. చేసేదిలేక నలుగురు నౌకర్లు తోస్తుంటే ఊరంతా తిరిగారు. ముందు డప్పులు, వెనక రొప్పులు.

మర్నాడు సభ పెట్టారు. దివానుగారి మేనల్లుడు కామేశం లేచాడు. ఈయన పట్నంలో ఒక మెకానిక్ షెడ్డుకి ఎదురింట్లో ఆర్నెల్లు కాపురమున్నాడు. ఆ షెడ్డు చదువంతా తనకే అబ్బిందని నమ్మకం.

"ప్రభూ, పాత బ్యాటరీ ఎండి చచ్చింది. పట్నం నుంచి సీల్డు బ్యాటరీ తెచ్చాను. దీనికి నీళ్లక్కర్లేదు. నీళ్లు పోసే మనిషీ అక్కర్లేదు." ఆ చివరిమాట పైడయ్యను చూస్తూ అన్నాడు.

అందరి ఎదుటా ముందు నల్ల తీగ, తరవాత ఎర్ర తీగ విప్పి పాత బ్యాటరీ పైకి తీశాడు. దాని పక్కన వేలాడే గాలిగొట్టం ఇక దండగని పీకేశాడు. కొత్తదాన్ని అదే గూట్లో కూర్చోబెట్టి ఈసారి ఎర్ర తీగ ముందు, నల్ల తీగ తరవాత బిగించాడు. సెల్ఫు నొక్కితే బండి గుర్రుమంది.

"పైన బిరడాలకు బదులు ఈ పట్టీ ఉంది చూశారూ, దీన్ని ఎప్పుడూ ఊడదియ్యకూడదు. తీస్తే బ్యాటరీ పనైపోయినట్టే," అని చాటాడు.

పైడయ్యకి కూడా ముచ్చటేసి అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. ఊడింది తన ఉద్యోగమేనని కాస్త ఆలస్యంగా తట్టింది.

రాజావారు మీసం సవరించుకున్నారు. "ఒరే పైడయ్యా, నీళ్లు తాగని బ్యాటరీకి నీళ్లవాడెందుకు? శుక్రవారం సభలో జవాబు చెప్పు. నచ్చితే ఉంటావు, లేదా వేరే పని చూసుకో."

వేరే పని అనగానే పైడయ్యకి దిగులు పట్టుకుంది. ఉన్న పనే చేతకాలేదు, ఇంకో పని ఎవడిస్తాడు?

గురువారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని దిక్కులు చూస్తుంటే భార్య ఎర్రయ్యమ్మ అడిగింది.

"ఏటయ్యా, ఏటాలోసిస్తన్నావు?"

"రేపు రాజుగోరికి ఏటి సెప్పాలో తెల్డం నేదే."

"నీకేటొచ్చో అదే సెప్పు."

"నాకేటొచ్చు?"

ఎర్రయ్యమ్మ చారు పోస్తూ ఆగి, నిజంగానే ఆలోచించింది, పాపం.

"ఏటీ రాదు," అంది.

అందులో అబద్ధం లేదు. పైడయ్య రెండోసారి కూడా చారు పోయించుకుని తిన్నాడు. తింటుండగా, జవాబు చెప్పడం చేతకాకపోతే చూపించవచ్చు కదా అనిపించింది.

శుక్రవారం సభలో ఎప్పటిలాగే సీటు తీసి పెట్టాడు. నీళ్ల గిన్నె, ఉద్ధరిణె, స్క్రూడ్రైవరు వరసగా పేర్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

రాజావారు వచ్చి కూర్చున్నారు. గిన్నె కనబడింది. ఏళ్ల అలవాటు, కుడిచెయ్యి దానంతటదే ముందుకొచ్చింది.

పైడయ్య కదల్లేదు. చాచిన చెయ్యి గాల్లోనే ఉంది. ఆ సభలో ప్రభువు చెయ్యి ఖాళీగా ఉండటం ఎవరూ ఎరగరు.

కామేశం ఒక్క గంతు వేశాడు. "మొద్దూ, ప్రభువు చెయ్యి చాచారు, కళ్లు కనబడటం లేదా?" అంటూ ఉద్ధరిణె ఆ చేతిలో పెట్టాడు. స్క్రూడ్రైవరు తీసుకుని బ్యాటరీ పట్టీ కింద దూర్చాడు. పట్టీ కిర్రుమంది.

పైడయ్య రెండు అరచేతులూ బ్యాటరీ మీద బోర్లించాడు.

"ఒద్దు బాబూ."

"నాకే వద్దంటావా?" అన్నారు రాజావారు.

"అదే బాబూ నా పని. దీంట్లో నీళ్లు పొయ్యనివ్వకుండా ఒక మనిసి ఉండాల. తమరు సెయ్యి సాస్తే ఒద్దనీవోడు ఈ సభలో ఒక్కడైనా ఉన్నాడా? ఊడదియ్యకూడదని సెప్పిన కామేశంగోరే ఊడదియ్యబోయారు."

కామేశం తన చేతిలోని స్క్రూడ్రైవరు ఎవరిదో అన్నట్టు చూశాడు. రాజావారు తన చేతిలోని ఉద్ధరిణె చూసుకున్నారు. మీసం కింద పెదవి అదిరింది, కానీ ఇంకా నవ్వలేదు.

"సరే, కాపలావాడు కావాలి, ఒప్పుకున్నాను. ఆ పని నీకే ఎందుకివ్వాలి? నీకంటే చురుకైనవాళ్లు బోలెడుమంది ఉన్నారు."

పైడయ్య అంతదూరం ఆలోచించి రాలేదు. బుర్ర గోక్కున్నాడు. నిజం తప్ప ఇంకేమీ దొరకలేదు.

"నీళ్లు పొయ్యకపోవడంలో నాకు ఏడాది అనుబవం ఉంది బాబూ. పాత బ్యాటరీయే సాచ్చికం."

రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. దివాను నవ్వారు, తోసిన నలుగురు నౌకర్లూ నవ్వారు, కడకు కామేశం కూడా నవ్వాల్సొచ్చింది. రాజావారు కళ్లు తుడుచుకుని భుజాన ఉన్న జరీ కండువా తీసి పైడయ్య మెడలో వేశారు.

"పాత జీతమే ఇస్తాను. ఈ పోయకపోవడమైనా శ్రద్ధగా చెయ్యి."