ఘాటెక్కే కారుకు పూచీ

మూడో మలుపు దగ్గర కారు ఆగిపోయిందన్న కబురు విన్నప్పటి నుంచీ ఓబులేసుకు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

దోర్నాలలో, శ్రీశైలం ఘాట్ రోడ్డు పట్టే ముందు, ఖాసిం పీరా ఉస్తాద్ మెకానిక్ షెడ్డు ఉంది. ఓబులేసు పదకొండేళ్ళుగా ఆయన దగ్గరే ఉన్నాడు. ఇంజన్‌లో తప్పెక్కడుందో పేరుపెట్టి చూపించే స్కానర్ ఒకటి కొన్నాక, ఉస్తాద్‌ను అడగడం మానేశాడు.

ఆ కారు తిరుపాలుది. ఘాట్ మీది సున్నిపెంటలో ఉంటూ కిరాయికి తిప్పుతాడు. ఎత్తెక్కేటప్పుడు ఇంజన్ దగ్గుతోందని తీసుకొచ్చాడు. ఓబులేసు స్కానర్ తగిలించాడు. లోపలికి ఎంత గాలి పోతోందో కొలిచి చెప్పే సెన్సార్‌లో తప్పుందని చూపించింది. దాన్ని ఊడదీసి, మందు కొట్టి కడిగి, మళ్ళీ బిగించాడు. అరగంటలో అయిపోయింది.

"ఇంక భయం లేదుగా అన్నా?" అని తిరుపాలు అడిగితే, స్కానర్ పెట్టె మూస్తూ, "పూచీ నాది, పో" అన్నాడు.

మర్నాడే ఆ కారు ఐదుగురితో ఘాట్ ఎక్కుతూ ఆగిపోయింది. అందులో ఆసుపత్రి నుంచి ఇంటికి పోతున్న బాలింత కూడా ఉంది.

కారును తాడు కట్టి లాక్కొచ్చారు. తిరుపాలు అరవలేదు, తిట్టలేదు. అరిచి ఉంటే బాగుండుననిపించింది ఓబులేసుకు.

"ఇంజన్ ఆగిపోయిందన్నా, దాంతో బ్రేకూ బిగిసింది," అన్నాడు తిరుపాలు. "బ్రేకు తొక్కితే బండరాయిని తొక్కినట్టుంది. బండి వెనక్కి పోతా ఉంది. వెనక పిట్టగోడ. గోడవతల ఏమీ లేదు. రెండు కాళ్ళూ బ్రేకు మీద పెట్టి లేచి నిలబడినంత పని చేసినా. గోడకు జానెడు దూరంలో ఆగింది."

తిరుపాలు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"బిడ్డకు మెలకువ కూడా రాలేదన్నా," అన్నాడు.

ఆ మాట తర్వాత ఓబులేసుకు అన్నం సయించలేదు. కళ్ళు మూస్తే పిట్టగోడ, దాని అవతల ఆకాశం.

ఒంగోలు నుంచి కొత్త సెన్సార్ తెప్పించి బిగించాడు. స్కానర్‌లో ఏ తప్పూ లేదు. ఇంజన్ మెత్తగా తిరిగింది. ఆపి మళ్ళీ స్టార్ట్ చేశాడు. మళ్ళీ ఆపాడు. పదిసార్లు చేసినా బాగానే ఉంది. బాగున్నకొద్దీ అతనికి భయం పెరిగింది. మొన్న కూడా ఈ షెడ్డులో బాగానే ఉంది కదా.

చివరికి ఉస్తాద్ దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఆయన పీట మీద కూర్చుని ఏదో పాత బేరింగును కిరసనాయిల్లో కడుగుతున్నాడు.

"ఉస్తాద్, ఒక్కసారి ఆ బండి మీరు చూడండి. మీరు బాగుందంటే తీసుకుపోయి ఇచ్చేస్తా."

ఉస్తాద్ తలెత్తలేదు. "ఏం చేసినావు?"

"గాలి సెన్సార్ మార్చినా."

"బాగైందా?"

"స్కానర్‌లో ఏం చూపించట్లా."

"నేను స్కానర్‌ను అడగలా."

"బాగైంది ఉస్తాద్."

ఉస్తాద్ చేతులు తుడుచుకుని లేచాడు. షెడ్డు వెనకే ఆయన ఇల్లు. అటు తిరిగి భార్యను కేకేశాడు.

"మాబున్నీ! సున్నిపెంటకు పోయి మీ చెల్లెల్ని చూడాలంటివే. ఓబులేసు బండి ఇయ్యను పోతా ఉండాడు. రా, మనమూ ఎక్కుదాం."

మాబున్ని బురఖా సర్దుకుంటూ, చెల్లెలికని క్యారియర్‌లో ఏదో పెట్టుకుని వచ్చింది. వెనక సీట్లో కూర్చుంది. ఉస్తాద్ ఆమె పక్కన కూర్చున్నాడు. "నిదానంగా పోనీ నాయనా, నాకు మలుపుల్లో కడుపు తిప్పుతుంది" అందామె.

ఓబులేసు స్టీరింగ్ ముందు కూర్చుని తాళం పెట్టాడు. అద్దంలో ఆమె కనిపించింది. పదకొండేళ్ళుగా ప్రతి మధ్యాహ్నమూ తనకు అన్నం పెట్టిన మనిషి. క్యారియర్ ఒలకకుండా ఒళ్ళో పెట్టుకుని, బయటికి చూస్తూ, ఏ దిగులూ లేకుండా ఉంది.

తాళం తిప్పాలి. చెయ్యి తిరగలేదు.

"దిగమ్మా," అన్నాడు. ఆ గొంతు అతనిదిలా లేదు. "ఉస్తాద్, మీరూ దిగండి."

ఉస్తాద్ ముందు దిగి, మాబున్ని చేతిలోని క్యారియర్ అందుకున్నాడు.

ఓబులేసు బానెట్ ఎత్తి, స్కానర్ జోలికి పోకుండా చాలాసేపు ఊరికే నిలబడ్డాడు. ఈ బండి ఆగింది ఎత్తులో. తాను చూసిందంతా చదును నేల మీద. ఎత్తెక్కేటప్పుడు ఇంజన్ బరువు లాగుతూ ఒక పక్కకు ఒరుగుతుంది. అది ఒరిగితే దాంతోపాటు ఇంకేం కదులుతుంది?

నాలుగు చక్రాలకూ ముందూ వెనకా రాళ్ళు పెట్టాడు. పెట్టిన రాళ్ళనే మళ్ళీ తన్ని చూశాడు.

"ఉస్తాద్, మీరు స్టీరింగ్ దగ్గర కూర్చోండి. బ్రేకు మీద నుంచి కాలు తియ్యొద్దు. గేర్‌లో వేసి క్లచ్ కొంచెం వదలండి, మళ్ళీ తొక్కండి."

అతను ఉస్తాద్‌కు పని చెప్పడం అదే మొదటిసారి. ఉస్తాద్ చెప్పింది చెప్పినట్టు చేశాడు.

ఇంజన్ ఒరిగింది. పక్కన నిలబడి చెవి పెట్టిన ఓబులేసుకు పాము బుస లాంటి చప్పుడు వినబడింది. ఆ వెంటనే ఇంజన్ దగ్గింది. క్లచ్ తొక్కగానే బుస ఆగిపోయింది. మళ్ళీ వదిలితే మళ్ళీ బుస.

బండి ఆపించి చెయ్యి లోపలికి పెట్టాడు. సెన్సార్ నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం. పైన నిగనిగలాడుతోంది. అడుగున, ముడతలో, చిటికెన వేలు దూరేంత చీలిక. ఇంజన్ నిలకడగా ఉంటే మూసుకుంటుంది, ఒరిగితే నోరు తెరుస్తుంది. గాలి సెన్సార్ కంట పడకుండా దొంగదారిన లోపలికి పోతోంది. సెన్సార్ పాపం తన ముందు నుంచి పోయిన గాలినే లెక్క చెప్పింది. ఆ లెక్క ప్రకారమే పెట్రోలు అంది, అది చాలక ఇంజన్ దగ్గింది.

పాత సెన్సార్‌లో ఏ తప్పూ లేదు. కొత్తది పెట్టినా బండి అదే మలుపులో ఆగేది. ఈసారి మాబున్నమ్మతో.

ఓబులేసు అక్కడే నేల మీద కూలబడ్డాడు. మాబున్ని చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

కొత్త గొట్టం వేసేసరికి మధ్యాహ్నమైంది. ఎవర్నీ ఎక్కించుకోకుండా ఒక్కడే ఘాట్ ఎక్కాడు. మూడో మలుపులో తారు మీద నల్లగా టైర్ల గీతలు ఇంకా ఉన్నాయి. అక్కడ కావాలనే ఆపి, ఎత్తులోనే బండి కదిలించాడు. కదిలింది. కిందికి దిగి మళ్ళీ ఎక్కాడు. అలా మూడుసార్లు. ప్రతిసారీ ఆ గోడ పక్కకు రాగానే ఆ బుస కోసం చెవి పెట్టాడు.

తిరిగొచ్చి షెడ్డు ముందు ఆపాడు. మాబున్ని క్యారియర్ పట్టుకుని అరుగు మీదే కూర్చుని ఉంది.

"ఆగలేదు ఉస్తాద్," అన్నాడు. స్టీరింగ్ మీద అతని వేళ్ళు ఇంకా సన్నగా వణుకుతున్నాయి.

ఉస్తాద్ ఆ వేళ్ళ వంక చూశాడు.

"భయం పోయిందా?"

"పోలేదు ఉస్తాద్."

"అయితే మేం ఎక్కొచ్చు," అని ఉస్తాద్ భార్య కోసం వెనక తలుపు తెరిచాడు.