మసి లేని దీపం

కొండమీది మఠంలో ఓబులేసుకు ఒక దిగులు పట్టుకుంది. పెద్దగురువు సమాధి దగ్గర రోజూ నూనె దీపం పెట్టేది అతనే. తెల్లవారి చూస్తే ప్రమిదలో పురుగులు చచ్చి తేలుతుండేవి. ఏ ప్రాణికీ హాని చేయనని తన గురువైన నాగమాంబకు మాట ఇచ్చినవాడు, రోజూ ఇన్ని ప్రాణాలు తీస్తూ మంత్రోపదేశానికి ఎట్లా తగుతాడు?

సంతకు పోయి బ్యాటరీ సెల్లులతో వెలిగే దీపం తెచ్చాడు. పురుగులు వచ్చి గాజుకు తగిలి ఎగిరిపోయేవి. ఒక్కటీ చావలేదు. అయిపోయిన సెల్లులు మఠంలో ఉంటే శుభ్రంగా ఉండదని, వాటిని వెనక పారే వంకలోకి విసిరేసేవాడు. విసిరినదాన్ని మళ్లీ తలుచుకోకపోవడం మనిషికి అలవాటే.

కార్తీకం రాగానే నాగమాంబను ఉపదేశం అడిగాడు.

"ఇప్పుడు నా దీపం దగ్గర ఒక్క ప్రాణి కూడా చావదమ్మా" అన్నాడు. చేతులు కట్టుకునే అన్నాడు గానీ గొంతులో గర్వం దాగలేదు.

నాగమాంబ బదులిచ్చేలోగా కింది గూడెం నుంచి మద్దక్క చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. సమాధి దీపం మసిని కాటుకగా పెడితే బిడ్డ కళ్లకు మంచిదని ఆ చుట్టుపక్కల నమ్మకం.

దీపం పెట్టేవాణ్నే అడగమన్నారు నాగమాంబ. ఓబులేసు తడబడుతూ, ఈ దీపానికి మసి ఉండదని చెప్పాడు.

"ఎందుకుండదు? లోపలుంది" అంటూ నాగమాంబ దీపంలోంచి అయిపోయిన సెల్లు ఒకటి తీసి రాతితో చితక్కొట్టారు. నల్లటి పొడి రాలింది. అతని వేలు పట్టుకుని అందులో అద్దారు.

"పెట్టు నాయనా."

ఓబులేసు బిడ్డ ముందు కూర్చున్నాడు. బిడ్డ ఆ వేలిని చూసి బోసిగా నవ్వింది. గురువు మాట కాదనకూడదు. ఈ నలుపా, కంట్లో పెట్టేది కాదు. వేలు కంటిదాకా పోలేదు.

"ఇది విషం కదమ్మా" అన్నాడు చివరికి.

మద్దక్కకు నవ్వొచ్చింది. "విషమేంది సామీ? మా వంకలో ఇవి దండిగా దొరుకుతాయి. మా పెద్దపిల్ల పగలగొట్టి పలకకు పూస్తాది. మూతి నిండా ఇదే నలుపు. తాగే నీళ్లకని ఇసకలో చెలమ తోడితే అందులోనూ ఒకటో రెండో పైకొస్తాయి."

ఓబులేసు వేలు అట్లాగే గాలిలో ఆగింది. నూనె దీపమైతే పురుగులు. సెల్లు దీపమైతే ఈ పిల్లలు.

"ఈ రాత్రికి ఏ దీపం పెట్టమంటారమ్మా?"

నాగమాంబ బిడ్డను ఒళ్లోకి తీసుకున్నారు.

"మసి లేని వెలుగు నేను చూడలేదు ఓబులేసూ. నీ మసి నీ కళ్లెదుటే ఉండేటట్టు చూసుకో."

ఏ దీపమో ఆమె చెప్పలేదు. అతను మళ్లీ అడగలేదు, ఉపదేశం మాట కూడా ఎత్తలేదు. గంప చేతికి తీసుకున్నాడు. వేలి నలుపు తుడుచుకోకుండానే సెల్లులు ఏరడానికి వంకలోకి దిగాడు.