గడపలో దొరికిన పేరు

పూర్వం తుంగభద్రాతీరాన వేదవేదాంగపారగుడైన ఋతంభర మహర్షి, శిష్యులకు గురువై, సాధ్వీమణి సువ్రతకు భర్తయై వెలుగొందుతూ, "పిలిచినవారికల్లా పలకడంతోనే బతుకు తెల్లారిపోతోంది, ఈ పిలుపులన్నీ తీసేస్తే నేనెవరిని?" అని విసిగి, కట్టుకున్న ఇల్లాలికి చెప్పనైనా చెప్పక అడవికి వెళ్ళిపోయాడు. మహానుభావులకే పుడతాయి ఇలాంటి బుద్ధులు!

ఘోరతపస్సుకు మెచ్చి చంద్రశేఖరుడు ప్రత్యక్షం కాగా, "స్వామీ! నేనెవరికీ కనబడకూడదు, వినబడకూడదు" అని కోరాడు. బోళాశంకరుడు కదా, తథాస్తన్నాడు.

మొదట్లో హాయిగానే ఉంది. ఏళ్ళు గడిచాయి. ఎదురైన మునులు నమస్కరించరు, లేళ్ళు సైతం బెదరవు. మహాలయ అమావాస్యనాడు తండ్రికి తిలోదకాలు విడవడానికి నదిలో నిలిచి, సంకల్పంలో తన పేరు చెప్పబోతే, అయ్యో, నోటికి రాలేదు! పేరు చెప్పని నీళ్ళు పితరులకు చేరవు. తండ్రి నాలుక పిడచకట్టుకుని ఎదురుచూస్తుంటాడని తలచి, ఆ జ్ఞానవృద్ధుడు భోరున ఏడ్చాడు.

"శంకరా! నన్ను వెతుక్కోబోయి నన్నే పోగొట్టుకున్నాను!"

"అరటిబోదె పొరలన్నీ ఒలిచేసి చెట్టేదని అడిగినట్టుందయ్యా నీ వ్యవహారం" అన్నాడు పరమేశ్వరుడు. "ఇంటికి వెళ్ళు. నిన్ను పిలిచేవారింకా ఉంటే పలుకు, అంతటితో ఆ వరం తీరుతుంది. పొద్దు వాలేలోగా పేరు తెచ్చుకో."

ఆశ్రమంలో శిష్యులు లేరు. తల నెరిసిన సువ్రత విస్తరి వేసి, రోజూలాగే అడవివైపు తిరిగి, "స్వామీ, భోజనానికి వేళయింది, రండి!" అని పిలిచింది.

"వస్తున్నా" అన్నాడు మహర్షి. అనడంతోనే ఆమెకు కనబడ్డాడు.

సువ్రత గడప దాకా పరుగెత్తుకొచ్చింది.

"దేవీ, నా పేరేమిటి? నాన్నగారికి నీళ్ళు వదలాలి."

"ఇన్నేళ్ళకు వచ్చి అడిగేది ఇదా!" అని ఆమె కోపంతోనూ దుఃఖంతోనూ నిలదీసింది. "మగని పేరు ఇల్లాలు పలకవచ్చునా?" అంతలోనే కళ్ళు తుడుచుకుని, గడప దిగి ఆయన పక్కన నిలబడింది. "పలకడానికి ఒక్క చోటుంది. పెళ్ళై వచ్చిననాడు, పేర్లు చెబితేగానీ లోపలికి రానివ్వమని ఆడపడుచులు మనల్ని ఇక్కడే ఆపలేదూ? ముందు మీరు చెప్పండి."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "నేను... నా భార్య సువ్రతతో కలిసి వచ్చాను."

ఆమె తల వంచుకుంది. "నేను నా భర్త ఋతంభరులతో కలిసి వచ్చాను."

పొద్దు వాలకముందే తిలోదకాలు తండ్రికి చేరాయి. శివుడు సంతసించి, "ఇక నీ ఇంట పిలుపుకు కరువుండదు" అని వరమిచ్చాడు. శిష్యులు తిరిగొచ్చారు. ఈ కథ విన్నవారి పుణ్యం మాట దేవుడెరుగు గానీ, లోపలినుంచి ఎవరైనా పిలుస్తుంటే మాత్రం, నాయనలారా, ముందు పలికి రండి.