అప్పలనర్సయ్య కబడ్డీ

మందుపాతరలు తీయడం నేర్పే సుబేదార్ పోలినాయుడికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగినవాణ్ణి కూర్చోనిచ్చేవాడు కాదు, వెంటబెట్టుకుని నడిపించేవాడు.

ఆ రోజు అడిగినవాడు సింహాచలం. శిష్యుల్లో అందరికంటే చిన్న, లెక్కల్లో అందరికంటే చురుకు. నాలుగేళ్ల కిందట యుద్ధం ఆఖరి వారంలో వంతెన దగ్గర మందుపాతర తీస్తూ ప్రాణం పోగొట్టుకున్న నాయక్ అప్పలనర్సయ్య పేరిట శిబిరంలో రాయి నిలబెడుతున్నారు. దానిమీద ఏం చెక్కాలో సాయంత్రంలోగా చెప్పాలి. ఆ పని సింహాచలం కోరి మరీ తీసుకున్నాడు. మర్నాడు అప్పలనర్సయ్య భార్య వచ్చి చదువుతుంది. పొసగని మాట రాయిస్తే ఆమె మొహం ఎలా చూడడమని పొద్దుటినుంచీ అతనికి అన్నం సయించలేదు.

"సార్, నర్సయ్యగారు తొమ్మిది నెలల్లో వెయ్యిన్నీ మూడువందల ఎనభైనాలుగు పాతరలు తీశారు. రోజుకి ఐదుకి పైనే. ఒక్కోదానికి రెండేసి కాళ్లు వేసుకున్నా రెండువేల ఏడువందల అరవైఎనిమిది కాళ్లు కాపాడారు. ఆ సంఖ్య చెక్కిస్తే చాలదా? మనిషిని ఇంకెలా గుర్తుపెట్టుకుంటాం?"

"కాళ్లదాకా వచ్చావు, బాగానే ఉంది," అన్నాడు పోలినాయుడు. "పద."

సరిహద్దు పల్లెను ఆనుకుని, ఒకప్పుడు శత్రువులు మందుపాతరలు పరిచిన పొలం ఉంది. దాన్ని శుభ్రం చేసింది అప్పలనర్సయ్యే. ఇప్పుడు దున్ని ఉంది. ఊరివాళ్లు మధ్యన గీత గీసి కబడ్డీ ఆడుతున్నారు. పోలినాయుడు పొలంలోకి దిగాడు. వెనకే సింహాచలం, శిబిరంలో నేర్చినట్టే, గురువు అడుగు తీసినచోటే అడుగు వేస్తూ, నేలమీంచి చూపు తిప్పకుండా నడిచాడు. గట్టుమీద కూర్చున్న పొలంగలామె, పండు ముసలి, అది చూసింది.

"ఏం నాయనా, ఉంగరమేమన్నా పడేసుకున్నావా?"

ఆడేవాళ్లు ఆట ఆపి మరీ నవ్వారు. సింహాచలం మాట మార్చడానికి, ఈ పొలంలో ఎన్ని తీశారమ్మా అని అడిగాడు.

"ఆ నర్సయ్యా నీలాగే లెక్క చెప్పాడు, అరవైమూడు తీశానని. తీసినవి నాకెందుకయ్యా, మిగిలినవెన్నో చెప్పమన్నాను. వెంటనే బూట్లు విప్పి, మావాళ్లని పిలిచి కబడ్డీకి దిగాడు. కూతకి దమ్ము లేదు పాపం, వెళ్లిన ప్రతిసారీ దొరికిపోయాడు. పొలమంతా దొర్లించారు." ఆమె నవ్వి నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అప్పట్నుంచి విత్తు వేసేముందు ఏటా ఇక్కడ ఆడాల్సిందే. వచ్చిన సిపాయి ఆడకుండా పోవడానికి లేదు. విప్పు."

సింహాచలం బూట్లు విప్పాడు. మొదటి కూతకు కాళ్లకిందే చూసుకుంటూ గీత దాటగానే దొరికిపోయాడు. రెండోసారీ అంతే.

"దొరికిందా ఉంగరం?" అంది ముసలామె.

మూడోసారి రోషం వచ్చింది. ఎదుటివాళ్ల చేతులు తప్ప మరేమీ చూడలేదు. ఇద్దర్ని తాకి వచ్చాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లాడో, ఎందర్ని తాకాడో, లెక్కల సింహాచలానికే గుర్తులేదు.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ శిబిరం దారి పట్టారు. కొంతదూరం వచ్చాక సింహాచలానికి రాయి గుర్తొచ్చింది.

"సార్, చెక్కేవాడు వచ్చేస్తాడు. ఎంతని చెప్పను?"

పోలినాయుడు ఆగి అతని పాదాలు చూశాడు. చీలమండలదాకా మట్టి.

"ముందు వెళ్లి బూట్లు తెచ్చుకో, పొలంలోనే వదిలేసి వచ్చావు. గట్టు చుట్టూ తిరక్కు, అడ్డంపడి పరిగెత్తు. మిగిలినవెన్నో, రాయిమీద ఏం చెక్కాలో, తిరిగొచ్చాక నువ్వే చెబుదువుగాని."