బొండుమల్లి విన్న అప్పీలు

చామంతిపురం మహారాజు హేలాపతి వారికి ఒక పొద్దున్నే సరదా పుట్టింది. ఆయనకి సరదా పుట్టడానికి కారణం అక్కర్లేదు, సెల్ ఫోనుంటే చాలు. ఆ రాజ్యం అలాంటిది మరి. తలమీద కిరీటం, కిరీటం కింద ఇయర్‌ఫోన్లు.

"పక్క రాజ్యంలో సైబర్ తగాదాలకి అప్పీలు సభ పెట్టారట! మనకెందుకు లేదు? రేపే పెట్టేద్దాం. పీఠం చేయించండి, న్యాయమూర్తికి పట్టు తలపాగా తెప్పించండి. ఇంతకీ కూర్చునేదెవరు?"

"ఇంకెవరు ప్రభూ, నేనే!" అంటూ దుందుభి శాస్త్రి లేచాడు. ఫోన్లలో జరిగే మోసాలకీ, దొంగ ఖాతాలకీ ఆ రాజ్యంలో తీర్పు చెప్పేది ఆయనే. "తీర్పు చెప్పేదీ నేనే, అది నచ్చకపోతే మళ్ళీ వినేదీ నేనే. ఒక్క బుర్రతో రెండు కొలువులు!"

రాజుగారికి తాంబూలం అందించే ముత్యాలు కిసుక్కున నవ్వింది.

"ఏమిటే ఆ నవ్వు?" అన్నాడు రాజు.

"ఏం లేదు ప్రభూ. నిన్న వంటాయన పులుసులో రెండుసార్లు ఉప్పేశాడు. 'చూడవయ్యా' అంటే, తనే ఓ గరిటె తాగి 'అమృతం!' అన్నాడు. అది గుర్తొచ్చింది."

సభ గొల్లుమంది. శాస్త్రి మీసం మాత్రం నవ్వలేదు.

అంతలో గుమ్మం దగ్గర గోల. పూతరేకుల కామాయమ్మ భటుల్ని తోసుకుని లోపలికి వచ్చింది.

"మహాప్రభో! నా అప్పీలు కూడా ఈ బాబే వింటే నా కొట్టు మూతే! ఎవడో నా కొట్టు పేరుతో, నా మొహం పెట్టుకుని దొంగ ఖాతా తెరిచాడు. లైక్ కొడితే పూతరేకు ఉచితమన్నాడు. జనం ఎగబడ్డారు. మొర పెట్టుకుంటే ఈ బాబు నా ఖాతాకే తాళం వేశాడు. ఆర్డర్లన్నీ అందులోనే వచ్చేవి. కుండ బోర్లించుకుని కూర్చున్నా, కింద మంట లేదు!"

"నా పద్ధతి నాది," అన్నాడు శాస్త్రి ఛాతీ విరిచి. "పేరు చూస్తే పక్షపాతం పుడుతుంది. అందుకే గుమాస్తా చేత పేర్లూ బొమ్మలూ మూయించి, ఏ ఖాతాకి ఫాలోవర్లు తక్కువో దానికి తాళం వేస్తాను. నిజం ఎక్కడుంటే జనం అక్కడే!"

"పూతరేకు ఊరికే వస్తే అక్కడ కూడా," అని గొణిగింది ముత్యాలు.

రాజు బుగ్గ గోక్కున్నాడు. "అలా గొణక్కు. రేపు సభలో మొదటి అప్పీలు వినేలోగా ఈయన ఆ పీఠానికి తగడని తేల్చు. తేల్చావా, సరే. లేదా, రెండు పీఠాలూ ఆయనవే, కామాయమ్మ తాళం తాళమే."

"చిత్తం ప్రభూ!" అని ముత్యాలు నేరుగా గజశాలకి పరుగెత్తింది. అక్కడ పట్టపుటేనుగు బొండుమల్లి స్నానం చేస్తోంది. ముత్యాలు ఫోను బయటికి తీసింది.

మర్నాడు సభ కిక్కిరిసింది. శాస్త్రి కొత్త పీఠమెక్కి, ఆ ఠీవిని ఓ ఫోటో తీసుకుని ఖాతాలో పెట్టబోయాడు. ఖాతా తెరుచుకోలేదు.

"నా ఖాతా! నా ఖాతాకి తాళం పడింది! ఎవడు వేశాడు?"

"తమరే," అంది ముత్యాలు తమలపాకుకి సున్నం రాస్తూ. "దుందుభి శాస్త్రి పేరుతో రెండు ఖాతాలున్నాయి, ఏది దొంగదో తేల్చండని సాయంత్రం మీ కచేరీలో ఫిర్యాదు ఇచ్చాను. గుమాస్తా పేర్లు మూశాడు. తక్కువ ఫాలోవర్లున్న దానికి తమరు తాళం వేశారు."

"ఎక్కువున్నది ఎవడిది?"

బయట మేళం మోగింది. తలుపులు తెరుచుకున్నాయి. కుంభస్థలం మీద పట్టు తలపాగాతో బొండుమల్లి ఊగుతూ లోపలికి వచ్చింది.

"దారివ్వండహో! అసలు దుందుభి శాస్త్రి గారు వేంచేస్తున్నారు!" అని కేకేశాడు ముందు నడుస్తున్న భటుడు.

రాజు గబగబా ఫోను తీశాడు. "అరెరే, శాస్త్రి పేరున్న ఖాతాలో మావటివాడి నెత్తిన నీళ్ళు పోసే ఏనుగు ఇదేనా! రాత్రి నేనూ లైక్ కొట్టానే! శాస్త్రి ఈమధ్య భలే హుషారుగా ఉన్నాడనుకున్నా!"

"అన్యాయం! నేను అప్పీలు చేస్తాను!" అని పీఠం దిగి అరిచాడు శాస్త్రి.

"శుభ్రంగా చేసుకోండి. వినేది దుందుభి శాస్త్రి గారే," అంది ముత్యాలు. బొండుమల్లి ఖాళీ పీఠం మీది దిండు తొండంతో లాక్కుని దానితో గడ్డం కింద గోక్కుంది.

"దుందుభి శాస్త్రిని నేనేనే తల్లీ!"

"కాదని తీర్పుందే! సంతకం ఎవరిది?"

"నాదే..."

"అయితే తమరే తేల్చండి. తీర్పు ఒప్పయితే శాస్త్రి గారు ఈ ఏనుగు. శాస్త్రి గారు తమరైతే తీర్పు తప్పు."

శాస్త్రి ఏనుగుని చూశాడు. ఏనుగు శాస్త్రిని చూసి చెవులూపింది.

"తప్పే! నా తీర్పు తప్పు, నా పద్ధతి తప్పు! ఎవరైనా వేరేవాళ్ళు నా గోడు వినండి బాబూ!"

ముత్యాలు రాజుకి తాంబూలం అందించింది.

"కామాయమ్మ అడిగిందీ అదే ప్రభూ!"

రాజు నవ్విన నవ్వుకి కిరీటం ఒళ్ళో పడింది. తీర్పు చెప్పినవారు అప్పీలు వినకూడదని అక్కడికక్కడే శాసనం చేశాడు. ముసలి మంత్రిగారిని పీఠమెక్కించాడు. మంత్రిగారు పూతరేకులు కావాలని రెండు ఖాతాల వాళ్ళకీ ఫోను చేయిస్తే కామాయమ్మ పలికింది, దొంగ ఖాతా వాడు ఎత్తితే ఒట్టు! కామాయమ్మ తాళం ఊడింది. రాజుగారి మెడలో ముత్యాలహారం ముత్యాలు మెడలోకి వచ్చింది. కామాయమ్మ మొదటి పూతరేకు ఎవరికంటారా? తొండం ఉన్న శాస్త్రి గారికి.

తొండం లేని శాస్త్రి మెల్లగా ముత్యాలు పక్కకి జరిగాడు. "అమ్మాయ్, ఆ ఏనుగు ఖాతా... అంతమంది ఫాలోవర్లు కదా... అది నాకిచ్చెయ్యకూడదూ?"

"అప్పీలు చేసుకోండి శాస్త్రి గారూ!"

ఈసారి శాస్త్రి మీసం కూడా నవ్వింది.